రాయికి తగిలాక ఏం మిగులుతుంది?

కిందటి నెల చిలికా పడవల మరమ్మతు గురించి రాసిన దగ్గర్నుంచి ఉత్తరాలన్నీ పడవల మీదే వస్తున్నాయి. మన బరంపురం, గుణుపురం, రాయగడ వైపు కయాక్ పిచ్చి ఉన్నవాళ్లు ఇంతమంది ఉన్నారని నాకైతే తెలీదు. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: కయాక్ అంటే ఒకరో ఇద్దరో కూర్చుని, రెండు కొసల్లోనూ రెక్క ఉన్న తెడ్డుతో నడిపే సన్నటి పడవ, కాళ్లు పెట్టుకునే చోటు పైన సాధారణంగా మూసి ఉంటుంది. స్లెడ్జి అంటే మంచు మీద లాక్కెళ్లే చక్రాల్లేని బండి. ఇక ఉత్తరాల్లోకి వెళదాం.

*గురువుగారూ, మాది రాయగడ. రెండేళ్లుగా సెలవులకు రిషికేశ్ వెళ్లి కయాకింగ్ నేర్చుకుంటున్నా. వచ్చే ఆగస్టులో నలుగురం కలిసి లడఖ్‌లో జన్‌స్కార్ నది మీద వారం రోజులు వెళదామనుకుంటున్నాం. ఒకతను ఫైబర్ కయాక్ చవగ్గా ఇస్తానంటున్నాడు, పన్నెండు కిలోలే ఉంది. ప్లాస్టిక్‌ది ఇరవై పైనే, మోయలేక చస్తున్నాం. ఏది కొనమంటారు?*
— ఒక పాఠకుడు, రాయగడ

ఫైబర్ వద్దు బాబూ. ఆ ఎనిమిది కిలోలు మోయడం మొదటి రోజు కష్టంగానే ఉంటుంది, కానీ మూడో రోజు రాళ్ల మధ్యలో పడవ చీలితే ఆ లోయలోంచి సామాను నెత్తిన పెట్టుకుని నడవడం అంతకన్నా కష్టం.

మీ ఇంటి మీద నల్లటి నీళ్ల ట్యాంకు ఉంది కదా, ప్లాస్టిక్ కయాక్ చేసేదీ అదే పద్ధతిలో. పాలిథిలిన్ పొడిని అచ్చులో పోసి, అచ్చును పొయ్యిలో పెట్టి అటూ ఇటూ రెండు దిక్కుల్లో తిప్పుతూ ఉంటే పొడి కరిగి గోడలకు సమంగా అంటుకుంటుంది. అతుకు ఉండదు, జాయింటు ఉండదు, మొత్తం ఒకటే గుల్ల. 1970ల్లో ఈ రకం కయాకులు వచ్చాక రాళ్ల నదుల ఆటే మారిపోయింది. అంతకుముందు ఫైబర్ పడవల్లో వెళ్లేవాళ్లు రాయికి దూరంగా తిప్పుకుని పోయేవాళ్లు, ప్లాస్టిక్ వచ్చాక రాయి మీంచే జారుకుంటూ దిగడం మొదలుపెట్టారు.

పాలిథిలిన్ దెబ్బ తగిలితే లోపలికి నొక్కుకుని మళ్లీ బయటికి వస్తుంది. ఫైబర్ అలా కాదు. గాజు దారాల బట్ట, దాన్ని పట్టి ఉంచే రెజిన్, ఈ రెండే కదా ఫైబర్ అంటే. గాజు బట్ట గట్టిదే, రెజిన్ మాత్రం పెళుసు. మొన కోసుగా ఉన్న రాయి తగిలితే ముందు పైనున్న జెల్‌కోట్ అనే నునుపు పూత మీద నక్షత్రంలా గీతలు పడతాయి, మీరు చూసి ఏం కాలేదులే అనుకుంటారు, లోపల మాత్రం పొరకీ పొరకీ మధ్య పట్టు వదిలేసి ఉంటుంది. లైటు పెట్టి చూస్తే తెల్లగా మచ్చ కనిపిస్తుంది. అలాంటి పాత మచ్చలు నాలుగైదు పక్కపక్కన చేరాక ఒకరోజు చిన్న దెబ్బకే అక్కడ చీలుతుంది. చవగ్గా అమ్ముతున్నాడంటే ముందు టార్చి లోపల పెట్టి చూడండి, నా అనుమానం నాది.

ప్లాస్టిక్‌కీ జబ్బులు లేకపోలేదు. ఎండ దాని శత్రువు. ట్యాంకుకి నలుపు కలుపుతారు కాబట్టి ఏళ్లు నిలబడుతుంది, రంగురంగుల కయాక్‌ని మన ఎండలో డాబా మీద పడేస్తే కొన్నేళ్లకే పైపొర పాలిపోయి పెళుసెక్కుతుంది. ఇంకోటి, వేడికి మెత్తబడుతుంది. జీపు మీద తాళ్లతో బిగించి కట్టి మధ్యాహ్నమంతా ఎండలో తీసుకెళ్తే తాడు పడ్డచోట గుంట పడుతుంది. అది పెద్ద సమస్యేం కాదు, తాడు విప్పి మళ్లీ ఎండలో పెడితే చాలావరకు తనే సర్దుకుంటుంది. అడుగున గీతలు, పొట్టులా లేచిన ప్లాస్టిక్, వీటికి కంగారుపడొద్దు. వెనక కొస దగ్గర, సీటు బోల్టులు దిగిన చోట మాత్రం వేలితో నొక్కి చూసుకోండి. పలచబడేదీ పగిలేదీ అక్కడే.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నది వదిలి సముద్రం మీద వారాల తరబడి వెళ్లేవాళ్లను అడిగితే నాకు ఎదురు చెబుతారు, వాళ్లదీ న్యాయమే. ఐదు మీటర్ల సముద్రపు కయాక్ ప్లాస్టిక్‌లో పాతిక ముప్ఫై కిలోలు ఉంటుంది, ఫైబర్‌లో కొంచెం తక్కువ, గట్టిగా వంగకుండా ఉంటుంది కాబట్టి నీళ్లను బాగా కోసుకుంటూ పోతుంది. అసలు సంగతి మరమ్మతు. ఫైబర్ పడవ ఊరికే దెబ్బతింటుంది కానీ, ఏ దీవి మీదైనా సంచిలోంచి గుడ్డ, రెజిన్ తీసి రెండు గంటల్లో అతికేసుకోవచ్చు, ఆ అతుకు పాతదానికన్నా మందంగా కూడా ఉంటుంది. ప్లాస్టిక్ పడవ దెబ్బతినదు, తిన్నదంటే మాత్రం అడవిలో దాన్ని మళ్లీ గట్టిగా అతకడం చాలా కష్టం. అందుకే నన్ను ‘ఏది గట్టిది’ అని అడిగితే, ‘ఎక్కడ పగులుతుంది, పగిలినచోట నీ చేతిలో ఏముంటుంది’ అని తిరిగి అడుగుతాను. జన్‌స్కార్‌లో రాళ్లెక్కువ, రాత్రి చలికి రెజిన్ గట్టిపడటానికి మొరాయిస్తుంది. కాబట్టి ప్లాస్టిక్.

*బాబాయ్, మాది గోపాలపురం తీరం. మా నాన్న ఫైబర్ తెప్ప నడుపుతారు, ఇంట్లో గ్లాస్ మ్యాట్, రెజిన్ ఎప్పుడూ ఉంటాయి. బీచిలో టూరిస్టులకు అద్దెకిచ్చే ప్లాస్టిక్ కయాక్ ఒకటి అడుగున పగిలితే నేను మ్యాట్ వేసి అతికాను. రెండో రోజే మొత్తం పెచ్చులా ఊడొచ్చింది. తప్పెక్కడ?*
— ఒక పాఠకుడు, గోపాలపురం

తప్పు నీది కాదురా అబ్బాయ్, పాలిథిలిన్‌కి మామూలుగా ఏదీ అంటుకోదు. రెజినే కాదు, ఎం సీల్ పెట్టినా, మామూలు గమ్ పెట్టినా తామరాకు మీద నీటిబొట్టే. మైనంలాంటి వస్తువు అది, గమ్ దాని మీద పరుచుకోనే పరుచుకోదు. పగులు రెండు కొసల్లో సన్న డ్రిల్లుతో ఒక్కో బెజ్జం వేయి, అప్పుడు పగులు ముందుకు పాకడం ఆగుతుంది. ఆ తర్వాత వేడిగాలి గన్నుతో పడవనీ, అదే రకం ప్లాస్టిక్ కడ్డీనీ ఒకేసారి కరిగించి కలపాలి. బరంపురంలో కారు బంపర్లు వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు కదా అని అక్కడికి పట్టుకెళ్లకు, వాళ్ల దగ్గరుండేది ఎక్కువగా పాలిప్రొపిలిన్ కడ్డీ, అది పాలిథిలిన్‌తో కలవదు, చల్లారాక గోరుతో ఊడొస్తుంది. ట్యాంకులు అతికేవాళ్లను అడుగు.

ఏ ప్లాస్టిక్కో తెలియకపోతే చిన్న పొట్టు గీకి నీళ్లలో వేయి. తేలితే పాలిథిలిన్ గానీ పాలిప్రొపిలిన్ గానీ, మునిగితే వేరే రకం. తేలిన ముక్కని అంటిస్తే కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన వస్తుంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. క్రాస్‌లింక్డ్ అని ఒక రకం పాలిథిలిన్ కయాకులు కొన్ని ఉన్నాయి, దెబ్బకు మహా గట్టివి, కానీ ఆ రకం ఒకసారి అచ్చులో ఉడికాక ఇక కరగదు, మాడుతుంది అంతే. ఉడికిన గుడ్డు లాంటిది. దానికి బోల్టులేసి రేకు బిగించుకోవడం తప్ప దారి లేదు.

నీ చేతిలో రెజిన్ ఉంది కాబట్టి ఒక హెచ్చరిక. 2013లో ఫైలిన్ తుఫాను మన గోపాలపురం దగ్గరే తీరం దాటినప్పుడు ఒడ్డున పెట్టిన ఫైబర్ పడవలు ఒకదాని మీద ఒకటి పడి ముక్కలయ్యాయి, నేను నెలల తరబడి అతుకులే వేశాను. తొందర, జనం నెత్తిన కూర్చున్నారు. త్వరగా గట్టిపడాలని ఒక పడవకి హార్డెనర్ ఎక్కువ పోశాను. గంటలో రాయిలా అయింది, నేనూ పొంగిపోయాను. పదిహేను రోజుల్లో ఆ అతుకు అప్పడంలా పగిలి పడవ వెనక్కొచ్చింది, ఆ ముసలాయన ఏమీ అనలేదు, నా మొహం చూసి ఊరుకున్నాడు, తిట్టినా బాగుండేది. పాలియెస్టర్ రెజిన్‌కి నూటికి ఒకటి రెండు పాళ్లు హార్డెనర్ చాలు. ఆ హార్డెనర్ కంట్లో పడితే చూపు పోయే ప్రమాదముంది, కళ్లద్దాలు పెట్టుకోకుండా ఆ సీసా మూత తీయొద్దు.

*అయ్యా, నేను పర్లాకిమిడిలో టీచరుని. ఈ ప్లాస్టిక్కూ ఫైబరూ ఏమీ లేనప్పుడు ధ్రువాల దాకా వెళ్లినవాళ్లు పడవలూ బళ్లూ దేంతో చేసుకున్నారు? మా పిల్లలు అడిగారు, నా దగ్గర జవాబు లేదు.*
— ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

టీచరమ్మా, వెదురుతో అని చెప్పండి, పిల్లలు నమ్మరు. నార్వేకి చెందిన నాన్సెన్ 1895 మార్చిలో తన ఓడ ఫ్రామ్‌ని మంచులో వదిలి, యోహాన్సెన్ అనే తోడుతో ఉత్తర ధ్రువం వైపు బయల్దేరినప్పుడు మూడు స్లెడ్జిలు, ఇరవై ఎనిమిది కుక్కలు, రెండు కయాకులు తీసుకెళ్లాడు. ఆ కయాకులు వెదురు చట్రం మీద కాన్వాసు గుడ్డ కప్పినవి. ధ్రువం చేరలేదు గానీ 86 డిగ్రీల 14 నిమిషాల అక్షాంశం దాకా వెళ్లారు, అప్పటికి ఎవరూ వెళ్లనంత దూరం. వెనక్కొచ్చేటప్పుడు మంచుగడ్డల మధ్య నీళ్లు తగిలితే రెండు కయాకుల్నీ పక్కపక్కన కట్టి తెరచాప ఎత్తేవాళ్లు.

మంచు మీద స్లెడ్జి తలకిందులైన ప్రతిసారీ ఆ గుడ్డ చిరిగేది, మళ్లీ కుట్టుకునేవాళ్లు. 1896 జూన్‌లో ఒక వాల్రస్ దాడిచేసి నాన్సెన్ కయాక్‌ని చీల్చేసింది. మరమ్మతు కోసం అక్కడే ఆగిపోయారు. బయల్దేరబోయే రోజున దూరంగా కుక్క అరుపు వినిపించింది, వెళ్లి చూస్తే జాక్సన్ అనే ఇంగ్లీషు యాత్రికుడి బృందం. అలా ఇల్లు చేరారు. ఆ గుడ్డ చిరగకపోతే ముందుకెళ్లిపోయి ఆ కుక్క అరుపు వినేవాళ్లే కాదేమో!

స్లెడ్జిల సంగతి ఇంకా బాగుంటుంది. ఎస్కిమోలని మనం పిలిచే ఇన్యూట్‌లు స్లెడ్జి అడ్డకర్రల్ని మేకులతో కొట్టరు, తోలు తాళ్లతో కడతారు. ఎగుడుదిగుడు మంచు మీద బండి మెలితిరిగి మళ్లీ సర్దుకుంటుంది. మేకులు కొడితే మేకు దగ్గర కర్ర చీలేది. పిల్లలకి ఇది చెప్పడానికి ధ్రువాల దాకా వెళ్లక్కర్లేదు. మన తీరంలో అలలు దాటడానికి వాడిన మసూలా పడవల్నీ పలకలు కొబ్బరి తాడుతో కుట్టే చేసేవాళ్లు, ఒక్క మేకు ఉండేది కాదు, అల ఎత్తి ఇసుకలో కొడితే పడవ ఒళ్లు విరుచుకుని ఊరుకునేది. మా తాతలనాటి తెప్పలూ అంతే, దుంగల్ని తాళ్లతో కట్టడం, ఒడ్డుకొచ్చాక విప్పి ఆరబెట్టడం. ఇన్యూట్‌ల బండీ, మన తీరపు బెస్తవాళ్లైన నోలియాల పడవా ఒకరినొకరు చూడకుండానే ఒకే లెక్క పట్టుకున్నాయి.

బరువు మాట కూడా చెప్పండి. 1911లో దక్షిణ ధ్రువం చేరిన అముండ్‌సెన్ బృందంలో బ్యోలాండ్ అనే వడ్రంగి ఉన్నాడు. చలికాలమంతా మంచు కింద తవ్విన గదిలో కూర్చుని, తెచ్చుకున్న కర్ర స్లెడ్జిల్ని చిత్రికపట్టి పట్టి బరువు మూడో వంతుకు దించాడు. మనవాళ్లయితే ఇంకో పలక వేసి బిగిద్దాం అనేవాళ్లు.

*కెవ్లార్ బులెట్ ప్రూఫ్ జాకెట్లకు వాడతారు కదా. మరి కయాకులన్నీ కెవ్లార్‌తోనే ఎందుకు చేయరు?*
— ఒక పాఠకుడు, బరంపురం

ధర ఒక కారణం, అది వదిలేయండి. 1965లో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫానీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన ఈ దారం లాగితే తెగదు, కానీ నొక్కితే అంత బలం లేదు. పగిలినా ముక్కలు ముక్కలుగా విడిపోదు, వేలాడుతూనే ఉంటుంది, అది గొప్ప గుణం. అయితే రాళ్ల మీద రాసుకుంటే నూగులా లేస్తుంది, దాన్ని గరుకు కాగితంతో రుద్దితే ఇంకా లేస్తుంది, మామూలు కత్తెరకి తెగదు, ఎండకి బలం తగ్గుతుంది. అతుకు వేసేవాడికి నరకం. కార్బన్ దారం దీనికి పూర్తిగా తారుమారు, మహా గట్టి, మహా తేలిక, విరిగేటప్పుడు ముందు చెప్పదు. అందుకే చాలామంది రెండూ కలిపి నేసిన బట్ట వాడతారు. రాళ్లలోకి వెళ్లని, పడవ మోయడం ఎక్కువున్న ప్రయాణానికి డబ్బుంటే కొనుక్కోండి.

*అన్నా, మేం గుణుపురం కుర్రాళ్లం, ముగ్గురం. జనవరిలో చాదర్ ట్రెక్‌కి వెళ్తున్నాం, గడ్డకట్టిన జన్‌స్కార్ నది మీద నడవడం. సామాను లాగడానికి స్లెడ్జి మేమే చేసుకుందామని సరదా. పీవీసీ పైపు సగానికి కోసి అడుగున వేస్తే ఎలా ఉంటుంది?*
— ముగ్గురు పాఠకులు, గుణుపురం

ముందుగా, అక్కడ లడఖీ పోర్టర్లు తమ స్లెడ్జిలు లాక్కుంటూ వస్తారు, ఆ మంచు ఎక్కడ పలచన, ఎక్కడ మందం అన్నది వాళ్లకే తెలుసు, సామాను వాళ్లకి అప్పగించడం మేలు. ఐనా సరదా అన్నారు కాబట్టి చెబుతా.

పీవీసీ వద్దు. మన ఊళ్లో బోరు పైపుగా బాగానే ఉంటుంది, సున్నాకి ఇరవై పాతిక డిగ్రీలు కిందకి వెళ్లాక రాయికి తగిలితే గాజులా పగులుతుంది. పాలిప్రొపిలిన్‌కీ అదే గతి, చల్లబడితే పెళుసు. పాలిథిలిన్ ఒక్కటే ఆ చలిలోనూ మెత్తదనం పోగొట్టుకోదు, మంచు మీద జారడంలోనూ మంచిది. నీళ్లకీ, కెమికల్స్‌కీ వాడే నీలం డ్రమ్ములు ఉంటాయి చూడండి, అవి ఎక్కువగా గట్టి పాలిథిలినే. ఒక పాత డ్రమ్ము కోసి రెండు పట్టీలు తీయండి, వెదురు చట్రానికి అడుగున వేయండి. చట్రం మేకులతో కాదు, తాళ్లతో కట్టండి, పైన టీచరమ్మకి చెప్పిన కారణమే. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పాలియెస్టర్ తాడు వాడండి. లడఖ్ గాలి పొడిగాలి, వెదురు ఇంకా ఎండి సన్నబడి కట్లు వదులవుతాయి, రోజూ పొద్దున్నే బిగించుకోవాలి.

ఇది మాత్రం మర్చిపోకండి: పట్టీలకి బోల్టు బెజ్జాలు గుండ్రంగా వేయొద్దు, పొడుగ్గా వేయండి. మీటరు పొడవున్న పాలిథిలిన్ ముక్క గుణుపురం వేడి నుంచి అక్కడి చలికి, అంటే 50 డిగ్రీలు దిగేసరికి అరసెంటీమీటరు పైనే కురచవుతుంది. గుండ్రటి బెజ్జమైతే అది లాక్కుని బోల్టు దగ్గర చీలుతుంది.

ధ్రువాలకి వెళ్లేవాళ్లలోనూ ఇదే తగాదా. చవక ప్లాస్టిక్ స్లెడ్జి తీసుకుంటే బాగా జారుతుంది, వంగుతుంది, కానీ బరువెక్కువైతే పాములా మెలికలు తిరుగుతుంది, తాడు కట్టే బెజ్జాలు చిరుగుతాయి. ఫైబర్ లేక కెవ్లార్ గుల్ల అయితే వందకి పైగా కిలోలు వేసినా ఆకారం చెడదు, మంచుదిబ్బల మీంచి నిటారుగా పోతుంది, పగిలితే అతుక్కోవచ్చు. నెలల తరబడి ప్రయాణమైతే నేను గుల్లకే ఓటేస్తాను, మీ వారం రోజులకి డ్రమ్ము పట్టీ చాలు. మరీ చలి పెరిగితే ఏదీ జారదు సుమా. రాపిడికి మంచు కొంచెం కరిగి తడి పొర ఏర్పడితేనే బండి జారేది, సున్నాకి ముప్ఫై నలభై కిందకి వెళ్లాక ఆ పొర రాదు, ఇసుకలో లాగినట్టే ఉంటుంది. ఇనప పట్టీ అయితే వేడిని పీల్చేస్తుంది కాబట్టి ఇంకా ఘోరం.

మరమ్మతుకి రెజిన్ మోసుకెళ్లకండి, ఆ చలిలో గట్టిపడదు. సన్న తీగ, తాడు, సూది, టేపు. టేపుని జేబులో ఒంటికి ఆనించి వెచ్చగా ఉంచుకోండి, చల్లటి టేపు దేనికీ అంటదు. ఇంకోటి, నడుముకి కట్టిన లాగుడు తాడుకి ఒక్క గుంజుతో ఊడే ముడి వేసుకోండి. మంచు విరిగి బండి నీళ్లలో పడితే మిమ్మల్ని కూడా లాక్కుపోకూడదు.

*మాది జయపురం. కొలాబ్ రిజర్వాయర్‌లో సరదాగా తిరగడానికి గాలి నింపే కయాక్ ఆన్‌లైన్‌లో చూశాను. అవి నమ్మొచ్చా? మావారు బెలూన్‌లో ఎవరైనా ఎక్కుతారా అని నవ్వుతున్నారు.*
— ఒక పాఠకురాలు, జయపురం

మీవారికి చెప్పండమ్మా, ఓస్కార్ స్పెక్ అనే జర్మన్ 1932లో డాన్యూబ్ నది మీద బయల్దేరి ఏడేళ్లకి ఆస్ట్రేలియా చేరాడు, మన దేశం తీరం వెంట కూడా తెడ్డు వేసుకుంటూ వచ్చాడు. ఆయనది గాలిది కాదు, కర్ర చట్రం మీద రబ్బరు పూసిన గుడ్డ, మడిచి సంచిలో పెట్టుకునే పడవ. గుడ్డ పడవలో సముద్రాలే దాటినప్పుడు కొలాబ్ ఎంత? పాపం ఆయన అడుగుపెట్టేసరికి యుద్ధం మొదలైంది, శత్రుదేశపోడని పట్టుకుని నిర్బంధంలో పెట్టారు, అది వేరే కథ.

గాలి పడవల్లో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. చవకవి ఉత్త పీవీసీ రేకు, ఎండకి గట్టిపడి మడతల దగ్గర చీలుతాయి. నైలాన్ గుడ్డకి టీపీయూ అనే రబ్బరులా సాగే ప్లాస్టిక్ పూత వేసినవి ఖరీదు, కానీ రెండు మూడు కిలోల్లోనే గట్టి పడవ వస్తుంది, రాళ్ల వాగుల్లోకి కూడా వీపున మోసుకెళ్తున్నారు. ఏది కొన్నా గాలి గదులు రెండు మూడు విడివిడిగా ఉన్నదే తీసుకోండి, లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కకండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా నింపి ఒడ్డున ఎండలో వదిలేస్తే గాలి వ్యాకోచించి కుట్టు విడిపోతుంది, కాస్త వదిలి పెట్టండి. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే సైకిల్ ట్యూబు ప్యాచీ పనిచేయదు, పడవతో వచ్చే గమ్, ముక్కే వాడాలి, తడి పూర్తిగా ఆరాక.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, మడిచి, మూతున్న డబ్బాలో పెట్టండి. నేను ఒకటి గోనెసంచిలో చుట్టి షెడ్డు మూల పెట్టాను, వానాకాలం పోయాక తీసి చూస్తే ఎలుకలు అందులో పిల్లల్ని పెట్టాయి.